గుంజకు మిగిలిన తాడు

"ఆ తాడు మీద చెయ్యి వెయ్యకు" అన్నాను.

కంపెనీ వాచ్‌మన్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండు వారాలుగా ఆ తాడు రేవు గుంజకు అలాగే వేలాడుతోంది. కొసన ఒక ఇత్తడి కొక్కెం ఉంది. ఆ కొక్కేనికి అరచెయ్యంత చెక్క పెళ్ళ అంటుకుని ఉంది. పోలీసులు దీన్ని చూసి చెత్త అనుకున్నారు. మనవాళ్ళకు నెత్తురు కనబడితేనే సాక్ష్యం, లేకపోతే సంతకం కనబడాలి.

పొద్దున తొమ్మిది కావస్తోంది. పౌర్ణమి పోటు. గవ్వలతిప్ప పాయలో నీళ్ళు రేవు చెక్కల అంచుదాకా ఎక్కి ఉన్నాయి. నేను కావాలనే ఈ రోజు ఎంచుకుని వచ్చాను. ఆల్బ్రెక్ట్ క్రోనర్ చచ్చిపోయింది అమావాస్య రాత్రి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు దాదాపు ఒకే ఎత్తు, ఒకే వేళకు, పొద్దునా రాత్రీ తొమ్మిది ప్రాంతంలో నిండుతుంది. ఆ రాత్రి ఈ రేవు ఎలా ఉందో చూడాలంటే ఇవాళ పొద్దున వచ్చి నిలబడితే చాలు.

నేను సులోచన. బందరు దాన్ని. పన్నెండేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, రాజీనామా కాగితం ఒకాయన బల్ల మీద విసిరేసి వచ్చి, ఇప్పుడు గుడివాడ బస్టాండు ఎదురుగా మేడ మీద గదిలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఆ ఒకాయన సంగతి కాసేపట్లో వస్తుంది. ఆయనే వస్తాడు.

ముందు చనిపోయినవాడి సంగతి. క్రోనర్‌ది హాంబర్గ్. తాత పెట్టిన నీటి పంపుల ఫ్యాక్టరీ యుద్ధంలో బాంబులు పడి నేలమట్టమైతే, ఆ శిథిలాల్లో ఆడుకుంటూ పెరిగి, పెద్దయ్యాక దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ఫ్యాక్టరీ ఆయనకు అన్నం పెట్టింది. కానీ ప్రాణం మాత్రం తెరచాప పడవల పందాల్లో ఉండేది. ఉత్తర సముద్రంలో ముప్పై ఏళ్ళు పందాలాడాడు. ఒకసారి గెలవబోతున్న పందాన్ని వదిలేసి, గాలివానలో చిక్కుకున్న ప్రత్యర్థిని వెతకడానికి పడవ వెనక్కి తిప్పాడట. రొయ్యల చెరువులకు పంపులు అమ్ముదామని తొంభై అయిదులో కోడూరు వైపు వచ్చి, గుడివాడ ధర్మారావుతో వాటా కలిపి, ఈ పాయను చూసి ఇక్కడే ఆగిపోయాడు. జర్మనీ నుంచి తన పడవ తెప్పించుకున్నాడు. దాని పేరు గ్రేటా. కూతురి పేరే.

ఏటా తిప్ప జాలర్లతో తెరచాప పందెం పెట్టేవాడు. ఈ ఏడాది తాతయ్య అనే జాలరి ఆయన్ని ఓడించాడు. ఓడినవాడు తన టోపీ తీసి గెలిచినవాడి నెత్తిన పెట్టడం వాళ్ళ పడవల క్లబ్బు ఆనవాయితీ. క్రోనర్ అందరి ముందూ పెట్టాడు.

ఆ టోపీయే తాతయ్య పీకల మీదికి తెచ్చింది. అమావాస్య మర్నాడు తెల్లవారి క్రోనర్ శవం తాతయ్య వలకట్టులో చిక్కుకుంది. తల వెనక ఎముక చితికి ఉంది. శవాన్ని ఒడ్డుకు తెచ్చిందీ తాతయ్యే. సాయంత్రానికి పోలీసులు అతని ఇంట్లో టోపీ పట్టుకుని హత్య, దోపిడీ అని రాసేశారు. తాతయ్య మడ అడవుల్లోకి పారిపోయాడు.

"వదిలెయ్యమన్నారమ్మా అందరూ" అంది తాతయ్య పెళ్ళాం ఎల్లమ్మ. నా పక్కనే రేవు చెక్కల మీద గొంతుక్కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "పోలీసోళ్ళ గొడవ మనకెందుకురా, నీళ్ళు దిగే పాటుకి సముద్రంలోకి పోతాడు పొమ్మన్నారు. మనతో పందెం ఆడినోడిని నీళ్ళకి వదిలేస్తామా అని మా ఆయనే భుజానేసుకుని తెచ్చాడు. తెచ్చినందుకు ఇదీ."

"పారిపోకుండా ఉండాల్సింది."

"ఉంటే ఏం చేస్తారో మీకు తెలీదా అమ్మా? మీరూ ఆ బట్టలేసుకున్నోరే కదా."

తెలుసు. రేపు పొద్దున జిల్లా నుంచి తుపాకులతో ఒక దళం మడల్లోకి దిగుతోంది. పారిపోతున్న హంతకుడు దళానికి ఎదురు తిరిగాడని రాయడానికి వాళ్ళకు అరపేజీ చాలు. నా చేతిలో ఉన్నది ఈ ఒక్క పగలు.

నన్ను ఈ పనికి పెట్టింది క్రోనర్ కూతురు గ్రేటా. హాంబర్గ్ నుంచి ఫోన్ చేసి ఇంగ్లీషులో ఒకటే మాట చెప్పింది. "మా నాన్న టోపీని ఎవరూ లాక్కోలేరు. ఓడితే ఆయనే ఇస్తాడు. ఆ జాలరి చేతిలో ఓడిన రోజు నాకు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ మనిషిని కాపాడండి."

గ్రేటా పడవను రేవు పక్కనే బురద గట్టు మీదికి లాగి పెట్టారు. వెళ్ళి చూశాను. ముక్కు దగ్గర అరచెయ్యంత చెక్క ఊడిపోయి గొయ్యి పడి ఉంది. కొక్కెం నుంచి పెళ్ళను ఊడదీసి తెచ్చి ఆ గోతిలో పెడితే సరిగ్గా కూర్చుంది. అంటే పడవను ఎవరూ విప్పి వదిలెయ్యలేదు. కట్టే ఉంది. కొక్కెం చెక్కతో సహా ఊడి వచ్చాక పాటు నీళ్ళకు కొట్టుకుపోయి అవతలి బురదలో ఇరుక్కుంది.

వెనక్కి వచ్చి తాడు చాచి చూశాను. గుంజ నుంచి కొక్కెం దాకా మూర పొడవు కూడా లేదు. నీళ్ళు ఇప్పుడున్నంత నిండుగా ఉంటేనే ఆ తాడు పడవకు అందుతుంది. గంట ముందు అందదు, గంట తరవాతా అందదు. పైగా అంత కురచగా కడితే పాటుకు నీళ్ళు దిగిపోయినప్పుడు పడవ దిగలేదు, గుంజను పట్టుకుని వేలాడుతుంది. బరువుకు కొక్కెం ఊడి వస్తుంది. జరిగింది అదే.

"మీవాళ్ళెవరన్నా ఇలా కడతారా?" అన్నాను.

ఎల్లమ్మ ఆ తాడు వంక అసహ్యంగా చూసింది. "ఇట్టా కట్టినోడికి మా ఇళ్ళల్లో పిల్లనివ్వరమ్మా."

క్రోనరూ కట్టడు. ఆయన పుట్టి పెరిగిన హాంబర్గ్ నది కూడా పోటుకు ఎక్కి పాటుకు దిగే నదే. నడక వచ్చినప్పటి నుంచీ పడవ కట్టిన మనిషి. కాబట్టి ఆ రాత్రి గ్రేటాను ఇక్కడికి తెచ్చి కట్టింది మూడో మనిషి. ఆటుపోట్లు ఎరగనివాడు. నీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయనుకునేవాడు. అలాంటి నీళ్ళు మన జిల్లాలో కాలవల్లో ఉంటాయి. లాకుల వాళ్ళు వదిలినంత నీరు, కట్టిన చోట కట్టినట్టే ఉండే పడవ. వీడెవడో కాలవ గట్టున పెరిగినవాడు.

ముడి కూడా చూశాను. మూడు చుట్లు వేసి కొస లోపలికి దోపి బిగించిన ముడి. గేదెను గుంజకు కట్టే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది.

ఇక వేళ. పోలీసుల లెక్క ప్రకారం మునిచీకటి వేళ, ఈ రేవులోనే, తాతయ్య తెడ్డుతో కొట్టి చంపాడు. ఆ వేళకు ఇద్దరూ ఇక్కడ గట్టిగా మాట్లాడుకోవడం వాచ్‌మన్ చూశాడు. కానీ పడవను కట్టింది పోటు నిండాక, రాత్రి తొమ్మిదింటికి. ఆ రాత్రి తొమ్మిదింటికి తిప్పలో రామమందిరం ముందు ఊరంతా కూర్చుని ఉంది. పాయలో చేపలు తేలి చచ్చిపోతున్నాయని పంచాయితీ. రేవు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ దీపాలు ఆర్పేదాకా అరుగు మీద నిలబడి మాట్లాడింది తాతయ్యే.

ఎల్లమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అయితే మా ఆయన బతుకుతాడా?" అంది.

"బతుకుతాడు."

ఆ మాట అంత ధీమాగా అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

*

రేవు ఎదురుగానే కంపెనీ గెస్ట్‌హౌస్. వరండాలో ధర్మారావు కాఫీ తాగుతున్నాడు. యాభై దాటినవాడు, తెల్లచొక్కా, వేళ్ళకు ఉంగరాలు. క్రోనర్ చచ్చిపోతే కంపెనీ మొత్తం ఎవరి చేతికి వస్తుందో ఆ మనిషి. నా అనుమానం తిన్నగా అతని మీదే ఉంది.

"అమావాస్య రాత్రి తొమ్మిదింటికి ఎక్కడున్నారు?"

"బందరులోనండి. మా వియ్యంకుడి గృహప్రవేశం. భోజనాల దగ్గర వడ్డించింది కూడా నేనే."

"మీది కాలవ గట్టు ఊరు కదూ?"

"గుడివాడ అవతలండి. నేనూ శశిధరూ ఒకే ఊరివాళ్ళం. ఒకే కాలవలో మునిగాం, ఒకే మాస్టారి చేత తన్నులు తిన్నాం. అందుకేగా మూణ్ణెల్ల కిందట వాడు పోలీసు ఉద్యోగం మానేశాక ఇక్కడి కాపలా, గొడవలు అన్నీ వాడికే అప్పగించాను."

ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి దిగలేదు. నేను ధర్మారావు ఉంగరాల వైపే చూస్తున్నాను.

"ఇవాళ పోటు ఎన్నింటికి నిండుతుందో చెప్పగలరా?"

ధర్మారావు నవ్వాడు. "తొమ్మిదింపావుకండి. పన్నెండింటికల్లా సగం దిగుతుంది, మూడింటికి అడుగు కనబడుతుంది. రేపు ముప్పావుగంట వెనక. మా చెరువులకు నీళ్ళు పెట్టేది పోటులోనేగా. తూము తలుపు ఎప్పుడెత్తాలో, ఎప్పుడు దించాలో తెలియకపోతే రొయ్యలు కాదు, నేనే ఎండిపోతాను."

నా లెక్క అక్కడ విరిగింది. పోటు, పాటు ఇంత నోటికి వచ్చినవాడు పడవను మూరెడు తాడుతో కట్టడు. ఆ రాత్రి ఇక్కడ లేనూ లేడు. విసుగొచ్చి ఇంకో వైపు నుంచి తవ్వాను.

"ఆ సాయంత్రం తాతయ్యతో మాట్లాడాక క్రోనర్ పడవ వేసుకుని పాయ ఎగువకు వెళ్ళాడని ఎల్లమ్మ చెప్పింది. ఎందుకు వెళ్ళాడు?"

కాఫీ కప్పు సాసరు మీద చప్పుడు చేసింది. "షికారుకేమోనండి."

"అమావాస్య చీకట్లోనా? తెగులు తగిలి రొయ్యలు చచ్చిన చెరువుల నీళ్ళు రాత్రిళ్ళు గొట్టం వేసి పాయలోకి వదులుతున్నారు. ఆ సంగతి తాతయ్య ఆయనకు చెప్పాడు. రేవులో ఇద్దరూ గట్టిగా మాట్లాడుకున్నది దాని గురించే. గొట్టాన్ని కళ్ళారా చూద్దామని వెళ్ళాడు. అవునా?"

ధర్మారావు ముఖం తుడుచుకున్నాడు. "నాకు ఆ గొట్టం సంగతి తెలియదండీ. ఒట్టు. దొర ఆ మధ్యాహ్నం నన్ను కేకలేశాడు. 'నా పంపులతో పాయను చంపుతారా? నిజమని తేలితే రేపే మూసేస్తాను' అన్నాడు. చెరువుల దగ్గర పనులన్నీ శశిధరే చూసుకుంటాడు. ఆ రాత్రి వాడూ ఇక్కడ లేడు, గుడివాడలో మా మిల్లులో పడుకున్నాడు. వాడే చెప్పాడు."

సరిగ్గా అప్పుడే రేవులో మోటారు చప్పుడు అయింది. కంపెనీ ఫైబరు పడవ వచ్చి ఆగింది. అందులోంచి ఒక మనిషి రేవు మీదికి ఎక్కి, మాకు వీపు పెట్టి గుంజకు తాడు కట్టి, చేతులు దులుపుకుని వరండా వైపు నడిచి వచ్చాడు. నల్లబూట్లు నిగనిగలాడుతున్నాయి. చొక్కా కింద నడుము దగ్గర రివాల్వర్ ఉబ్బు తెలుస్తోంది.

శశిధర్. నా రాజీనామా కాగితం ఎవరి బల్ల మీద విసిరానో ఆ ఒకాయన.

*

"నువ్వొచ్చావని విన్నాను సులోచనా" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఇంకా ఆ చిలకలపూడి గాజులే వేసుకుంటున్నావా? బంగారం కొనుక్కునేంత గిరాకీ లేదన్నమాట."

"గాజులు చిలకలపూడివైతే ఫరవాలేదు సార్. మనుషులు కాకూడదు. కొందరికి నాలుగు చుక్కల నీళ్ళు తగిలితే గాని లోపలి రాగి బయటపడదు."

ధర్మారావు పని ఉందంటూ లోపలికి జారుకున్నాడు. వరండా మెట్ల మీద ఎల్లమ్మ తల దించుకుని కూర్చుంది.

శశిధర్ సిగరెట్ వెలిగించాడు. "నేను పట్టించిన కేసులో వేలు పెట్టావు. అలవాటేగా నీకు."

"నేను పట్టుకున్న దొంగకు మీరు మెడల్ వేసుకున్నారు. అలవాటు ఎవరిదో శాఖలో అందరికీ తెలుసు."

"చచ్చినవాడు దొర. శవం దొరికింది తాతయ్య వలలో. టోపీ దొరికింది తాతయ్య ఇంట్లో. పారిపోయినవాడు తాతయ్య. ఇందులో నీకు కనబడని చిక్కు ఏముంది?"

"టోపీ గెలుచుకున్నది. ఊరంతా చూసింది."

"ఊరంతా తాతయ్య చుట్టాలే."

"క్రోనర్ కూతురు చుట్టం కాదు కదా. సరే, గొట్టం సంగతి చెప్పండి. చెరువుల నీళ్ళు పాయలోకి ఎవరు వదిలిస్తున్నారు?"

"కంపెనీలో వందమంది కూలీలున్నారు. ఎవడో బద్ధకస్తుడు దగ్గరి దారి చూసుకున్నాడు. నేను గుడివాడలో ఉంటే ఇక్కడ జరిగేవన్నీ నాకు తెలుస్తాయా?"

మాటకు మాట, గొట్టం నుంచి గతానికి, గతం నుంచి గొట్టానికి ఇలా చాలాసేపు నడిచింది. ఆయనతో వాదనకు కూర్చుంటే నాకు ఒళ్ళు తెలియదు. చివరికి ఉండబట్టలేక నా దగ్గరున్న ముక్క బల్ల మీద పడేశాను. ఆ తాడు గురించి, అది ఎంత కురచగా ఉందో, పోటు నిండితేనే ఎలా అందుతుందో, ఆ వేళకు తాతయ్య ఊరంతటి ముందూ ఎలా నిలబడి ఉన్నాడో అంతా చెప్పాను. గెలిచానన్న పొగరు నా గొంతులో నాకే వినిపించింది.

"కట్టినవాడు కాలవ గట్టు మనిషి సార్. సముద్రపు నీళ్ళు ఎక్కి దిగుతాయని ఆలోచన రానివాడు. రేపు కోర్టులో ఈ తాడు పెడితే మీ కేసు నిలబడదు."

శశిధర్ ముఖంలో ఏమీ మారలేదు. సిగరెట్ మాత్రం సగంలోనే పారేసి బూటుతో నలిపాడు.

"బాగుంది" అన్నాడు నెమ్మదిగా. "నిజంగా బాగుంది సులోచనా. నేను తప్పుగా చూశానేమో. కానీ కోర్టు దాకా వెళ్ళాలంటే వాడు ప్రాణంతో ఉండాలిగా? రేపు దళం దిగుతుంది. తాడు చూపించి వాళ్ళను ఆపగలవా?"

నేను ఆపలేను. అది ఆయనకూ తెలుసు.

"వాడు ఎక్కడున్నాడో చెప్పించు. నేను వెళ్ళి తీసుకొస్తాను. ఈ సాయంత్రమే మేజిస్ట్రేటు ముందు నిలబెడదాం. పాత డిపార్టుమెంటు మనిషిని, నా పక్కనుంటే వాడి మీద ఎవడూ చెయ్యి వెయ్యడు."

ఆలోచించాను. శశిధర్ పేరు దొంగిలిస్తాడు, మెడల్ దొంగిలిస్తాడు. స్టేషన్‌లో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టగా నేను చూడలేదు. చేతికి మట్టి అంటనివ్వని మనిషి.

"నేనూ పడవలో వస్తాను" అన్నాను.

"రాక? నువ్వు లేకపోతే వాడు నన్ను నమ్ముతాడా?"

ఎల్లమ్మ వైపు తిరిగాను. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది.

"నువ్వు చెప్పమంటేనే చెప్తానమ్మా" అంది.

"చెప్పు ఎల్లమ్మా."

ఆమె కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. శశిధర్ బూట్ల వైపు చూసింది. తరవాత నా వైపు చూసి చెప్పింది. "గుడ్డిపాయ చివర. ఉప్పెనకి కొట్టుకొచ్చి పడిన ఇనప లాంచీ ఉందే, దాని చాటున. పాయలోంచి రెండు ఈలలు వేస్తే మనోళ్ళేనని బయటికొస్తాడు."

"తిండి తిని ఎన్నాళ్ళయిందో" అన్నాడు శశిధర్ జాలిగా. "ఏమన్నా మూట కట్టి తీసుకురండి. ఈలోగా నేను పడవ సిద్ధం చేస్తాను."

ఎల్లమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను లోపలికి వెళ్ళి ధర్మారావు చేత బందరు లాయరుకు ఫోన్ చేయిస్తున్నాను. అవతల గంట మోగుతుండగానే బయట ధబ్బుమని పెద్ద చప్పుడు, వెంటనే మోటారు చప్పుడు.

పరిగెత్తాను. ఫైబరు పడవ అప్పటికే వంపు తిరుగుతోంది. అందులో ఒక్కడే ఉన్నాడు.

నీళ్ళు బాగా దిగిపోయాయి. పొద్దున రేవు అంచున ఉన్న పాయ ఇప్పుడు నిలువెత్తు కింద ఉంది. వాచ్‌మన్ రేవు మీద నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏంటా చప్పుడు?" అని అరిచాను.

"పడవండీ. ముక్కు గాల్లోకి లేచి గుంజకు వేలాడుతోందండి. అయ్యగారు ముడి విప్పబోతే రాలేదు. బిగుసుకుపోయింది. మీరు వస్తున్నారేమోనని అటే చూసి, జేబులో కత్తి తీసి కోసేశారు. పడవ ధబ్బున నీళ్ళలో పడింది. 'ఈ దిక్కుమాలిన నీళ్ళు' అని తిట్టుకుంటూ కిందికి దూకి ఎల్లిపోయారండి."

గుంజ దగ్గరికి వెళ్ళాను. కోసిన తాడు ముక్క దానికి బిగుసుకుని ఉంది. మూడు చుట్లు. కొస లోపలికి దోపిన ముడి. పక్క గుంజకు క్రోనర్ పడవ తాడు ఉంది. మూడు చుట్లు, కొస లోపలికి. ఒకే చెయ్యి.

ధర్మారావు నా వెనకే వచ్చి ఆ రెండు గుంజల్నీ చూశాడు.

"ఇది మా శశి ముడేనండీ" అన్నాడు. "చిన్నప్పుడు వాళ్ళ గేదెల్ని వాడే కట్టేవాడు. ఎవరి వల్లా ఊడేది కాదు. మేమంతా నవ్వేవాళ్ళం."

గుడివాడలో పడుకోలేదు వాడు. ఆ రాత్రి గొట్టం దగ్గరే ఉన్నాడు. క్రోనర్‌ను అక్కడ కొట్టి చంపి నీళ్ళలోకి తోశాడు. గ్రేటాను కంపెనీ మోటారు పడవకు తగిలించి తెచ్చి రేవులో కట్టాడు, దొర క్షేమంగా తిరిగొచ్చి ఇక్కడే తాతయ్య చేతిలో చచ్చాడని లోకం అనుకోవడానికి. తాతయ్య కోర్టుకు చేరితే తన కథ నిలవదని ఇందాక నేనే విడమరిచి చెప్పాను. చెప్పి, దారి చూపించాను. ఈల కూడా నేర్పించాను.

"పోలీసులకు ఫోన్ చెయ్యండి" అన్నాను ధర్మారావుతో. "ఈ రెండు గుంజల దగ్గర్నుంచి కదలకండి. ఒక్క తాడు కనబడకపోయినా మీరే హంతకుడని రాయిస్తాను."

ఎల్లమ్మ అన్నం మూటతో వరండా మెట్లు దిగి వస్తోంది. ఖాళీ పాయను చూసింది, గుంజల్ని చూసింది. నా ముఖం చూశాక మూట కింద పెట్టేసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"ఇంకో పడవ ఉందా?" అన్నాను.

"ఉన్నా ఏం లాభం. గుడ్డిపాయలో ఈ పాటికి సగం దూరం కూడా నీళ్ళుండవు. ఆడి పడవా బురదలో కూర్చుంటది. అక్కణ్ణుంచి దిగి నడవాల్సిందే, ఆడైనా మనమైనా." చీర కుచ్చిళ్ళు పైకి లాగి నడుములో దోపుకుంది. "మడల్లోంచి అడ్డంగా పోతే దగ్గర. చెప్పులు తీసెయ్యమ్మా. కాలు పెట్టిన చోట నిలబడొద్దు. నిలబడితే దిగిపోతావు."

చెప్పులు రేవు మీద వదిలేసి ఆమె వెనకే బురదలోకి దిగాను. మోకాళ్ళ దాకా, కొన్నిచోట్ల తొడల దాకా. మడ వేళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నాయి. ఎల్లమ్మ అడుగుల్లో అడుగు వెయ్యడం తప్ప నేను ఇంకేదీ ఆలోచించలేదు. వాడి నల్లబూట్లు ఈ బురదలో ఎన్నడుగులు వేస్తాయి అని మాత్రం ఒకసారి అనుకున్నాను. ఎక్కువ వెయ్యనక్కర్లేదు. పడవలో కూర్చునే ఈల వేస్తే చాలు.

చాలా దూరం వెళ్ళాక కుడివైపు నుంచి మోటారు చప్పుడు వినబడింది. గొంతు పట్టుకున్నట్టు రెండుసార్లు గర్రుమని ఆగిపోయింది. నేల తగిలింది.

ఎల్లమ్మ ఆగి చెవి ఒగ్గింది.

మడల మీదుగా ఈల వినబడింది. కాసేపటికి రెండోది.

ఎల్లమ్మ బురద చేతిని చీరకు తుడుచుకుని, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, ఒంట్లో ఉన్న గాలంతా బయటికి పోయేలా ఒక్క ఈల వేసింది. కొంగలు లేచిపోయాయి.

"మూడోది వినబడితే కదలొద్దని" అంది రొప్పుతూ. "ఆ ముక్క ఆడికి చెప్పలా. నీక్కూడా చెప్పలేదమ్మా, ఏమనుకోకు."

మడల్లో ఎక్కడా అలికిడి లేదు. తాతయ్య విన్నాడో, వినకముందే లాంచీ చాటు నుంచి బయటికి వచ్చేశాడో తెలియదు.

తరవాత రివాల్వర్ పేలింది.

ఎల్లమ్మ బురదలోంచి కాలు లాక్కుని ముందుకు వేసింది. నేనూ ఆమె వెనకే కాలు లాక్కున్నాను. పోటు తిరిగి వాడి పడవ తేలడానికి ఇంకా చాలా పొద్దు ఉంది.